తోటలో బొమ్మ రావాలి

ఆ శుక్రవారం పొద్దున నూర్ బాషా అనుకున్నది చాలా చిన్న పని. గొర్రెలకు మేత వేసి, అతిథుల గదిలో టీవీ పనిచేయించి, సాయంత్రం తనను పనికి తెచ్చుకున్న యజమాని, కఫీల్, సంతోషంగా ఉన్నప్పుడు సెలవు అడగాలి. పరాయి దేశపు ఎడారిలో, కబ్ద్‌లోని ఆ తోటకు కాపలాదారుగా వచ్చి మూడేళ్లయింది. తను వచ్చాక రాయచోటిలో పుట్టిన కూతుర్ని అతడు ఇంకా ఎత్తుకోలేదు.

ఇసుకగాలికి డిష్ ఎగిరిపోయింది. ఆ ఎడారిలో నెట్ సరిగా రాదు.

"యాంటెనాతో పనిచేసే పెట్టె తీసుకురా. నాలుగింటికి మ్యాచ్. బొమ్మ రావాలి. యల్లా, త్వరగా!" అన్నాడు కఫీల్ వచ్చీరాని హిందీలో.

నూర్ బాషా టాక్సీలో పట్నంలోని అబ్బాసియాకు పోయాడు. అక్కడ టీవీల దుకాణంలో పనిచేసే అన్వర్ బాషా అతడి ఊరివాడే.

"ఏం పెట్టె కావాల భాయ్?"

"డిష్ గాలికి పోయిండాది. దానికి బదులు..."

"డిష్‌దేనా? ఇదో, ఇది తీస్కపో!" అంటూ మిగతా మాట వినకుండానే అన్వర్ ఒక పెట్టె చేతిలో పెట్టాడు.

తోటకు వచ్చి చూస్తే యాంటెనా తీగ దానికి ఎక్కలేదు. నూర్ బాషా ఫోన్ చేశాడు.

"అది డిష్ పెట్టె గదప్పా! యాంటెనాకైతే టీ-టూ అని రాసుండేది కావాల. ముందే చెప్పకపోతే ఎట్లా?"

"చెప్తాంటే నువ్వు ఇన్యావా?"

మళ్లీ టాక్సీ, మళ్లీ అబ్బాసియా. రెండో పెట్టె చక్కగా కుదిరింది గానీ, పట్నానికి అంత దూరాన సిగ్నల్ అందలేదు. అప్పటికి మూడున్నర. నూర్ బాషా యాంటెనాను పొడవాటి ఇనుప గొట్టానికి కట్టి నీళ్ల ట్యాంకు ఎక్కాడు. ఎక్కుతుంటే కాలి కింద పైపు విరిగింది. నీళ్లు గొర్రెల దొడ్డిలోకి పారాయి. బెదిరిన గొర్రెలు తడిక తోసుకుని వచ్చి, అతిథుల గదిలో పరిచిన తివాచీల మీద నిలబడ్డాయి. వాటిని తోలడానికి గొట్టం వదిలితే, తెరిచిన తలుపులోంచి కనిపిస్తున్న టీవీలో బొమ్మ పోతోంది. పట్టుకుంటే వస్తోంది.

అంతలో కఫీల్ కారు వచ్చింది. వెనకే మరో నాలుగు. సెలవు మాట దేవుడెరుగు, ఉద్యోగమే ఖలాస్ అనుకుని నూర్ బాషా కళ్లు మూసుకున్నాడు.

తిట్లు వినబడలేదు. మ్యాచ్ మొదలైపోయిందని అతిథులు గొర్రెల మధ్యనే చోటు చేసుకుని కూర్చున్నారు. వాళ్ల జట్టు గెలిచింది. కఫీల్ బయటికి వచ్చి ట్యాంకు వైపు చూశాడు.

"శాబాష్ నూర్! నీలాంటి మనిషి దొరకడు."

ఇదే అదనని, "బాబా, సెలవు... నా బిడ్డను చూసొస్తాను" అన్నాడు నూర్ బాషా.

కఫీల్ నిజంగానే బాధపడ్డాడు. "సెలవా? ఇంకా పది మ్యాచ్‌లున్నాయి. నువ్వు పోతే గొట్టం ఎవరు పట్టుకుంటారు?"

లోపల ఎవరో చానల్ మార్చారు. "నూర్, కాస్త ఎడమకి!" అని కేక వినిపించింది.

నూర్ బాషా ఎడమకు జరిగాడు. బొమ్మ చాలా స్పష్టంగా వచ్చింది.