బక్కయ్య కోసం ప్రార్థన

...అసలు తప్పంతా ఆ "నీ ఇష్టం" అన్న మాటలోనే ఉంది. అది నోటికి అంత సులువుగా ఎందుకు వస్తుందో, "రా" అన్న చిన్న మాట గొంతులోనే ఎందుకు కూర్చుండిపోతుందో ఆలోచిస్తూ నేను బక్కయ్య ముందు కూర్చున్నాను.

బక్కయ్య అంటే మా ఇంటి కంప్యూటర్. లోపలి ఫ్యాను తిరుగుతుంటే, ఆయాసంతో మెట్లెక్కే మా పెద్దమామ బక్కయ్య గుర్తొస్తాడు. ఆ పేరు పెట్టింది నా భార్య మహిమ. ఉట్నూర్‌లో ఆడపిల్లల హాస్టల్‌కు వార్డెన్. శనివారం సాయంత్రం జీపు దిగుతుంది. ఆదివారం బక్కయ్య ముందు కూర్చుని హాస్టల్ రిపోర్టు తయారుచేస్తుంది. సోమవారం పొద్దున్నే మళ్లీ జీపెక్కుతుంది.

మిగతా రోజుల్లో లక్సెట్టిపేట ఇంట్లో ఉండేది నేను, నన్ను కన్న మా అవ్వ మగ్దలేనమ్మ, బక్కయ్య. అవ్వ మాట్లాడితే ప్రభువుతోనే. నాతో మాట్లాడేది బక్కయ్య ఒక్కడే.

మొన్న మహిమ ఫోన్ చేసింది.

"మన ఊరి హాస్టల్ల పోస్టు ఖాళీ అయిందట. ట్రాన్స్‌ఫర్ మీద రావాలన్నోళ్లు ఆప్షన్ పెట్టుకోవాలెనట. పెట్టాల్నా?"

"నీ ఇష్టం."

అటువైపు చాలాసేపు ఏమీ వినపడలేదు. సిగ్నల్ పోయిందనుకున్నాను. "సరే" అని పెట్టేసింది. పోయింది సిగ్నల్ కాదన్నమాట.

ఆమె స్వేచ్ఛను గౌరవించానని నాకు నేనే చెప్పుకున్నాను. కొంచెం లోపలికి చూస్తే అక్కడున్నది గౌరవం కాదు, భయం. రమ్మంటే రానంటుందేమోనని.

సోమవారం ఒక్కరోజు ఆమె ఇంట్లో ఆగితే ధైర్యం చేసి చెప్పేస్తాననిపించింది. ఆమె ఆగాలంటే రిపోర్టు పూర్తికాకూడదు. రిపోర్టు పూర్తికాకూడదంటే బక్కయ్యకు కొంచెం జ్వరం రావాలి.

నేను ఫ్లెక్సీలు తయారుచేస్తాను. కంప్యూటర్ మీద నాకు తెలిసింది మనుషుల తలలు కత్తిరించి బ్యానర్ మీద అతికించడం వరకే. మిగతాది వీడియోలో చూశాను. లోపల రిజిస్ట్రీ అని ఒకటుంటుందట. పొద్దున ఎట్లా లేవాలో, ఏ ప్రోగ్రాము ఎక్కడుందో యంత్రం అందులోనే గుర్తుపెట్టుకుంటుందట. ఒకదాన్ని తీసేసినా దాని జాడ ఏదో మూల మిగిలిపోతుందట.

అక్కడ వీడియో ఆపాను. గుమ్మం దగ్గర మహిమ చెప్పులు విడిచే చోట వారమంతా నా చెప్పులు ఎందుకు పెట్టనో అప్పుడు అర్థమైంది.

శనివారం మధ్యాహ్నం, అవ్వ మంచం మీద గురకపెడుతుండగా రిజిస్ట్రీ తెరిచాను. ముట్టుకునే ముందు నకలు తీసి భద్రంగా దాచుకోమన్నారు వీడియోలో. బుద్ధిగా తీసి బక్కయ్యలోనే దాచాను. అక్కరలేనట్టు కనిపించిన వరుసనొకదాన్ని తీసేశాను. దానికి తోడు లేకుండా పోతుందని పక్కవాటినీ తీసేశాను. కంప్యూటర్ ఆపి మళ్లీ వేశాను.

బక్కయ్య ఒక్కసారి దగ్గాడు. తెర నల్లబడింది.

బక్కయ్య లేవగానే తెర మీద నా పేరు కింద ఆమె పేరు కనిపించేది. ఆమె లేని పొద్దుల్లో నేను ముందుగా చూసుకునేది దాన్నే. అదీ రాలేదు. నకలు బక్కయ్య కడుపులో ఉంది. తాళంచెవి లోపల పెట్టి బీరువా మూసినవాడిలా నిలబడ్డాను.

అదే సమయానికి ఫ్లెక్సీ షాపు హరీష్ ఫోను.

"అన్నా, రేపు లీడర్ బర్త్‌డే! తలకాయలన్నీ నీ దగ్గర్నే ఉన్నయ్!"

"తలకాయలు భద్రంగనే ఉన్నయ్ తమ్మీ. బయటికే వస్తలేవు."

సాయంత్రం మహిమ వచ్చింది. జుట్టు నిండా అడవి దారి దుమ్ము.

"ఏందయ్యా గట్ల నిలవడ్డవు? బక్కయ్యను పెట్టు. ఆప్షన్ నింపాలె. రేపే ఆఖరు."

నా గుండె కూడా బక్కయ్యలాగే ఒకసారి దగ్గింది.

"రిపోర్టు కాదా?"

"రిపోర్టు తర్వాత. బక్కయ్యకేమైంది?"

"జర... రిజిస్ట్రీ సాఫ్ చేసిన. మస్తు స్లో అయిండని."

"నువ్వు గూడ స్లోనే. నిన్ను సాఫ్ చేసిన్నా నేను?"

మంచం మీద అవ్వ లేచి కూర్చుంది. "పరేషాన్ గాకుండ్రి. రేపు కూడిక మనింట్లనే. ప్రార్థన చేద్దం."

ఆదివారం చర్చి అయ్యాక రోజారాణి అక్క ప్రార్థన గుంపు ఆడవాళ్లను వెంటబెట్టుకుని వచ్చింది. అవ్వ బక్కయ్యను చాప మధ్యలో పెట్టించింది. మా కూడికల్లో జబ్బుమనిషి తల మీద చేతులుంచి ప్రార్థిస్తారు. బక్కయ్య నెత్తిన కూడా అందరూ చేతులుంచారు. నా చెయ్యి మహిమ చేతి పక్కనే పడింది, తగలకుండా.

మా అవ్వ ప్రభువు దగ్గర ఏదీ దాచదు. ఆయనకు చెవుడున్నట్టు గట్టిగా కూడా చెబుతుంది.

"ప్రభువా, గీ బక్కయ్యను లేపు తండ్రీ! వీని తప్పేం లేదు. నా కొడుకే చెడగొట్టిండు. నేను పండుకున్ననని అనుకున్నడు. 'మహిమ సోమారం గూడ ఉంటది' అని గొణుక్కుంట, నవ్వుకుంట చెడగొట్టిండు. మాట రానోనికి చేతులు గింత జోరుగ ఎందుకిచ్చినవ్ తండ్రీ!"

"స్తోత్రం" అన్నారు ఆడవాళ్లు. ఒకరి స్తోత్రం సగంలో నవ్వైపోయింది. బక్కయ్య లోపల దూరే చోటుందేమోనని చూశాను.

తర్వాత వంతు మహిమది. ఆమె మెల్లగా మొదలుపెట్టింది.

"ప్రభువా, నీకు తెల్వంది కాదు. మా హాస్టల్ల కొత్త కంప్యూటర్ ఉన్నది. రిపోర్టు ఆడ్నే చేసుకోవచ్చు. ఈడికొస్తె చాయ్ తెచ్చి పక్కన కూసుంటడని దాచుకొని తెస్తున్న. ఆప్షన్ గూడ జీపెక్కకముందే ఫోన్ల నింపిన. ఒక్క బటన్ నొక్కుడే ఉన్నది. బక్కయ్యను పెట్టుమన్నది, పక్కన కూసుంటె ఏమన్న అంటడేమోనని. రా అంటె నొక్కుదామని ఆగిన. మొన్న ఫోన్ల అడిగితె నీ ఇష్టం అన్నడు తండ్రీ. నా ఇష్టమేందో ఈనకు తెల్వదా?"



"ప్రేమ్‌చంద్, ఇగ నువ్వు చెయ్యి" అంది రోజారాణి అక్క.

"ప్రభువా..." అన్నాను. తర్వాత నా తెర కూడా నల్లబడింది. లోపల అన్నీ ఉన్నాయి. జీపు వెనక లేచే దుమ్ము, గుమ్మం దగ్గరి ఖాళీ, దువ్వెనకు మిగిలిపోయిన కొబ్బరినూనె వాసన. ఒక్కటీ బయటికి రాలేదు. కళ్లు తెరిచాను. మహిమ కళ్లు అప్పటికే తెరిచి ఉన్నాయి. ఒళ్లో ఫోను వెలుగుతోంది.

బక్కయ్య మీద నుంచి చెయ్యి తీశాను.

"చెయ్యి తియ్యకు కొడుకా, ప్రార్థన కాలే!" అంది అవ్వ, కళ్లు మూసుకునే.

"రా" అన్నాను.

"ఇనవడలే" అంది మహిమ, ఫోను నా వైపు జరుపుతూ.

ఆ బటన్ నేనే నొక్కాను.