ఆర్విల్ డాలరుకు జరిగిన న్యాయం

న్యాయంగా జరిగిన అంచనాల పోటీ ఈ భూమ్మీద ఇంతవరకూ ఒక్కటే ఉంది. అది మా వాన్‌లియర్ కౌంటీ నాణేల క్లబ్బు వారిది. ఒహాయోలో మా ఊరి గ్రంథాలయం కింది గదిలో, కాఫీ యంత్రం పక్కన, ఆ చరిత్ర జరిగింది. మిగతా ప్రపంచానికి ఈ సంగతి ఇంకా తెలియదు. తెలియజెప్పడానికి క్లబ్బు కార్యదర్శినైన నేను తప్ప వేరే దిక్కు లేదు.

పోటీ ఏమిటో ముందు చెప్పాలి. మా లోకంలో పాత నాణేలకు మార్కులుంటాయి, డెబ్బైకి. వేసేది ఎక్కడో దూరాన ఉన్న ఒక కంపెనీ. రుసుము కట్టి నాణెం పంపితే, అక్కడ ముగ్గురు కళ్ళు చికిలించి చూసి, ఒక అంకె చెప్పి, నాణేన్ని ప్లాస్టిక్ డబ్బీలో శాశ్వతంగా సీలు చేసి పంపుతారు. (వాళ్ళు చెప్పేదీ అంచనాయే. కానీ రుసుము కట్టించుకుని చెప్పిన అంచనాను నిజం అంటారు.) నాణెం కంపెనీకి వెళ్ళకముందే మా సభ్యులు దాన్ని చూసి ఆ అంకె ఊహించాలి. అందరికన్నా దగ్గరగా ఊహించినవారికి ఒక భూతద్దం, ఏడాది పొడుగునా సమావేశాల్లో మొదటి డోనట్ తీసుకునే హక్కు. భూతద్దం కోసం మాలో ఎవరూ కొట్టుకోరు. డోనట్ సంగతి వేరు.

ఈ ఏడాది పోటీకి నాణెం తెచ్చింది యూనిస్ బ్రకెట్ గారు. ఆమె భర్త ఆర్విల్ మొన్న చలికాలంలో పోయాడు. అతని దగ్గర చెప్పుకోదగ్గ నాణెం ఒక్కటే ఉండేది: శాన్‌ఫ్రాన్సిస్కో టంకశాలలో కొట్టిన పాత వెండి డాలరు. ఏళ్ళ తరబడి గాలి తగిలి, దాని అంచు చుట్టూ నీలమూ నారింజా కలిసిన రంగు పట్టింది. ఆర్విల్ దానికి అరవై ఐదు అనేవాడు. మా అధ్యక్షుడు క్లేటన్ వోగెల్ అరవై మూడు అనేవాడు. ఈ రెండు మార్కుల కోసం ఆ స్నేహితులిద్దరూ సగం జీవితం వాదించుకున్నారు. ఒకరి వాకిట్లో మంచు ఇంకొకరు ఎత్తిపోస్తూ మరీ వాదించుకున్నారు. కంపెనీకి పంపి తేల్చుకోవయ్యా అంటే మాత్రం ఆర్విల్ వినలేదు. ప్లాస్టిక్‌లో పెడితే దానికి ఊపిరాడదనేవాడు.

యూనిస్ గారికి భూతద్దమూ అక్కర్లేదు, డోనటూ అక్కర్లేదు.

"మా ఆయన మాట నిజమో కాదో నాకు తెలియాలి, అంతే," అంది. "బతికుండగా నేనూ బోలెడు వెక్కిరించాను. అన్నం ముందు కూర్చుంటే అరవై ఐదు, పక్క మీద చేరితే అరవై ఐదు. ఇప్పుడు ఇల్లంతా నిశ్శబ్దంగా ఉంది. ఆయన కరెక్టేనని ఎవరైనా చెబితే బావుండు అనిపిస్తోంది."

ఇంత చిన్న కోరిక తీర్చడం మామూలు క్లబ్బుకు ఒక సాయంత్రం పని. మాది మామూలు క్లబ్బు కాదు. మాకు న్యాయ పర్యవేక్షణ ఉపసంఘం ఉంది.

నిరుడు జాడీలో ఎన్ని నాణేలున్నాయో ఊహించే పోటీ పెట్టాం. గెలిచినావిడ జాడీ నింపినాయన భార్య. అది బయటపడ్డ రోజున పుట్టింది ఈ ఉపసంఘం. దానికి పెద్ద డ్వైట్ హాస్కెల్, బీమా కంపెనీలో క్లెయిములు తోసిపుచ్చే ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. మంచివాడే. ఎవర్నీ కాదనడు, గొంతు పెంచడు. నవ్వుతూ ఇంకో నిబంధన చేరుస్తాడు.

మొదటి నిబంధన కిటికీ గురించి. కిటికీ పక్కన కూర్చున్నవాళ్ళకు వెలుతురు ఎక్కువ కాబట్టి తెరలు వేసి, అందరికీ ఒకే దీపం పెట్టారు. అప్పుడు చూపు మంచిగా ఉన్నవాళ్ళ మీద ఫిర్యాదు వచ్చింది. మందుల దుకాణంలో అమ్మే రెడీమేడ్ కళ్ళద్దాలు ఒకే రకానివి కొని, అందరూ అవే పెట్టుకోవాలన్నారు.

"ఏమయ్యా డ్వైట్, ఇవి పెట్టుకుంటే నాకు నాణెం కాదు గదా, బల్ల కూడా కనబడటం లేదు," అన్నాడు క్లేటన్.

"నాకూ కనబడటం లేదు క్లేటన్. కనబడకపోవడంలో కూడా సమానత్వం ఉండాలి గదా."

"మరి చూసేదేముంది, ఊహించేదేముంది?"

"చూసి చెబితే అది ఊహ ఎలా అవుతుంది?" అన్నాడు డ్వైట్ ఓపిగ్గా. ఈ మాటకు చప్పట్లు పడ్డాయి.

ఆ తర్వాత అనుభవం మీద ఆంక్షలు వచ్చాయి. నాణేల గురించి బాగా తెలిసినవాళ్ళు, తెలియనివాళ్ళ అవకాశాలను దెబ్బతీస్తున్నారని తేలింది. పుస్తకాలు చదివిన సభ్యులు పోటీ ముగిసేవరకూ చదివింది గుర్తు తెచ్చుకోబోమని హామీ ఇచ్చారు. (ఇద్దరు ముందే మరిచిపోయామని చెప్పి మినహాయింపు పొందారు.)

ఇవన్నీ దాటాక అసలు చిక్కు వచ్చి పడింది. ఆ డాలరు మా అందరికీ తెలుసు. ఆర్విల్ దాన్ని ప్రతి సమావేశానికీ చొక్కా జేబులో వేసుకొచ్చేవాడు. అంచు రంగు చూడగానే ఎవరైనా ఇది ఆర్విల్ది అంటారు. ఆ వెంటనే అరవై ఐదో, అరవై మూడో చెవిలో మోగుతుంది. మొన్న మార్చిలో చేరిన కొత్త సభ్యులకు ఏమీ మోగదు.

"నాణేనికి గుర్తింపు ఉండకూడదు," అన్నాడు డ్వైట్. "ఎవరిదో తెలియకూడదు. ఆ రంగు తీసేస్తే సరిపోతుంది."

అందరి కళ్ళూ ఒక్కసారిగా గోడ మీదికి పోయాయి. మా గోడ మీద ఒకే ఒక్క బోర్డు ఉంది: 'నాణేన్ని కడగరాదు. ఎన్నడూ, ఏ కారణంతోనూ.' కొత్తగా చేరేవాళ్ళు దాని కింద నిలబడి ప్రమాణం చేస్తారు. నాణేలు సేకరించేవాళ్ళు పెళ్ళిరోజు మరిచిపోవచ్చు, దేవుణ్ణి మరిచిపోవచ్చు, ఇది మరిచిపోకూడదు. కడిగిన నాణెం మాకు నాణెం కాదు, వట్టి లోహం.

డ్వైట్ లేచి వెళ్ళి బోర్డును మర్యాదగా గోడవైపు తిప్పాడు.

"బోర్డు మామూలు నాణేల గురించి. ఇది పోటీలో ఉన్న నాణెం," అన్నాడు. తర్వాత యూనిస్ గారి వైపు తిరిగి, "అమ్మా, పోటీలో చిన్న మచ్చ ఉన్నా రేపు ఆర్విల్ గెలుపును ఎవరూ నమ్మరు. ఆయనకు న్యాయం జరగాలనే కదా ఇదంతా," అన్నాడు.

యూనిస్ గారు చేతిసంచి ఒళ్ళోకి లాక్కుంది. "పెళ్ళయిన దగ్గర్నుంచీ దాని మీద నన్ను గుడ్డయినా పెట్టనివ్వలేదు," అంది. "వెండి సామాను తోమినప్పుడల్లా పక్కన కాపలా ఉండేవాడు. సరే, మీకు తెలిసినంత నాకు తెలియదు. మీరంతా ఆయన స్నేహితులు."

ప్రతిపాదన నెగ్గింది. మెత్తటి బ్రష్షా గట్టి బ్రష్షా అన్నదానికి ఓట్లు సమానంగా పడ్డాయి కాబట్టి మధ్యరకం తెప్పించారు. దానికి తోడు వంటసోడా. ఇక కడిగేది ఎవరు? ఒక్కడే కడిగితే వాడు నాణేన్ని మిగతావాళ్ళకన్నా ఎక్కువసేపు చూస్తాడు. కాబట్టి అందరూ వరసగా, తలా కాసేపు రుద్దాలన్నారు. రుద్దారు. ఒక్కొక్కరి చేతిలోంచీ నీలం కొంత, నారింజ కొంత కాగితం పళ్ళెంలోని సోడానీళ్ళలోకి దిగిపోయింది. (నా వంతు నేనూ రుద్దాను. రుద్దకపోతే వివరణ ఇచ్చుకోవాలి.)

క్లేటన్ వంతు వచ్చింది. బ్రష్షు పట్టుకుని డాలరు వైపు చూశాడు.

"నావల్ల కాదు," అన్నాడు. "వాడు చూస్తే చంపేస్తాడు నన్ను."

బ్రష్షు పక్కవాడికిచ్చాడు. రుద్దడంలో లోటు రాకూడదని క్లేటన్ వంతు కూడా డ్వైటే రుద్దాడు. అందరం ఆ ఒక్క రకం కళ్ళద్దాలు పెట్టుకుని, తెల్లగా తళతళలాడుతున్న దాన్ని చూసి, మా మా అంకెలు రాసి పెట్టెలో వేశాం. డాలరు కంపెనీకి వెళ్ళింది.

తిరిగొచ్చిన రోజున గది నిండిపోయింది. యూనిస్ గారు ముందు వరసలో, చర్చికి వేసుకునే నీలం గౌను వేసుకుని కూర్చుంది. డ్వైట్ డబ్బీ పైకెత్తి, దాని మీద ఉన్నది చదివాడు: "కడిగినది. మార్కులు లేవు."

కాసేపు ఎవరికీ అర్థం కాలేదు. ముందుగా అర్థమైంది డ్వైట్‌కే. అతని మొహం వెలిగిపోయింది. మార్కులే లేవు కాబట్టి ఎవరి అంచనా ఎవరి అంచనాకన్నా దగ్గర కాదు. పుస్తకాలు చదివినవాడూ, మార్చిలో చేరినవాడూ ఒకే దూరంలో ఆగిపోయారు. భూతద్దం బీరువాలో పెట్టేశారు. డోనట్లు అందరూ ఒకేసారి తీసుకోవాలని తీర్మానించారు. క్లబ్బు పెట్టిన నాటి నుంచి ఒక్క ఫిర్యాదూ రాని పోటీ ఇదేనని డ్వైట్ ప్రకటిస్తే, చప్పట్లు ఆగడానికి చాలాసేపు పట్టింది.

చప్పట్లు ఆగాక యూనిస్ గారు చెయ్యెత్తింది.

"మరి మా ఆయన అన్నది?"

"అరవై ఐదా అమ్మా?" డ్వైట్ గొంతు నిజంగానే మెత్తబడింది. "అది పోటీ మొదలవకముందు చెప్పిన మాట. దాన్ని లెక్కలోకి తీసుకుంటే మిగతావాళ్ళకు అన్యాయం చేసినట్టవుతుంది."

ఆమె తలూపింది. డబ్బీ తీసుకుని, వేలితో ఒకసారి ప్లాస్టిక్‌ను నిమిరి, చేతిసంచిలో వేసుకుని లేచింది. గుమ్మం దగ్గర క్లేటన్ అడ్డం నిలబడ్డాడు. టోపీ చేతిలో నలిపేస్తున్నాడు.

"యూనిస్, అది అరవై ఐదే," అన్నాడు, గదిలో అందరికీ వినబడేలా. "నాకు మొదటి రోజే తెలుసు. ఒప్పుకుంటే వాడు మా ఇంటికి రావడం మానేస్తాడని ఒప్పుకోలేదు."

యూనిస్ గారు అతని చెయ్యి పట్టుకుంది. డ్వైట్ మాత్రం నా బల్ల దగ్గరికి వచ్చాడు. గడువు దాటాక వచ్చిన అంచనా చెల్లదని, సభ్యులు దాన్ని విననట్టుగా భావించాలని అతను నాచేత సమావేశం మినిట్సులో రాయించాడు.