స్నేహలత ఎడమ బుగ్గ

ఆ రోజుకి దేవదానం వేసుకున్న పథకం చాలా చిన్నది. ముదినేపల్లిలో తొలి బస్సెక్కి ఏలూరు వెళ్లాలి. పదింటికల్లా కూతురు స్నేహలత టీచరు ఉద్యోగానికి సర్టిఫికెట్లు చూపించాలి. మధ్యాహ్నం హోటల్లో భోంచేసి ఇల్లు చేరాలి. ఇంతే. ఇందులో తేడా రావడానికి ఏముందండీ? ఉంది. పిల్ల బుగ్గ ఉంది.

స్నేహలతకి నాలుగేళ్లప్పుడు తల్లి కృపమ్మ జ్వరంతో పడుకుంటే, చేపలు వేయించబోయి మూకుడు ఒలకబోసింది ఈయనే. కాగిన నూనె పిల్ల ఎడమ బుగ్గ మీద చిందింది. పిల్లి తన్నిందని భార్యతో చెప్పాడు. ఆ అబద్ధం ఇరవై ఏళ్లుగా, సంఘపెద్ద హోదాలో, ప్రతి ఆదివారం ఆయనతో పాటు చర్చికి వెళ్లి వస్తూనే ఉంది. ఆ మచ్చ కనబడినప్పుడల్లా ఆయనకి అన్నం సయించేది కాదు. పసుపు, గంధం, కలబంద అన్నీ అయ్యాక కిందటేడు పిల్లని ఏలూరు స్కిన్ డాక్టరు దగ్గరికి లాక్కెళ్లాడు. మచ్చ తగ్గుతుందే గాని పూర్తిగా పోతుందని మాటివ్వలేనని డాక్టరు ముందే చెప్పాడు. మచ్చలోకి ఇంజెక్షన్లు, నెలకో లేజరు సిట్టింగు, రాత్రి పూతకి సిలికాన్ జెల్లు, ఎండలోకి మరో క్రీము. తనకేమీ వద్దని స్నేహలత మొత్తుకున్నా ఆయన వినలేదు. ఏడాది తిరిగేసరికి ఆ బుగ్గని చూసి డాక్టరే నోరెళ్లబెట్టాడు.

ఏలూరులో సర్టిఫికెట్లు చూసే కౌంటరులో కూర్చున్నది సత్యనారాయణమూర్తి. ఆయనెక్కడో హెడ్మాస్టరు, ఈ పరిశీలనకి డ్యూటీ వేశారు. పదో తరగతి సర్టిఫికెట్టు తీసి గుర్తింపు చిహ్నాల దగ్గర వేలు పెట్టాడు. ఎడమ బుగ్గ మీద మచ్చ అని ఉంది. తలెత్తి చూస్తే బుగ్గ అద్దంలా ఉంది.

ట్రీట్‌మెంట్ చేయించుకున్నానని స్నేహలత చెప్పింది. ఆయన హాల్‌టికెట్ మీద పాత ఫొటో కూడా చూశాడు.

"కాగితంలో అమ్మాయికి మచ్చ ఉంది. ఫొటోలో అమ్మాయికీ ఉంది. మీకు లేదు. నన్నేమనుకోమంటారండీ?"

ఒంటిగంటలోగా తేలకపోతే పోస్టు తర్వాతి నంబరుకి వెళ్లిపోతుందన్నాడు. ఆ తర్వాతి నంబరు అప్పుడే బల్ల దగ్గరికి రెండడుగులు జరిగింది.

దేవదానం ఆటోలో డాక్టరు దగ్గరికి పరుగెత్తాడు. ట్రీట్‌మెంట్ చేసినట్టు కాగితం అడగడమే భాగ్యమన్నట్టు డాక్టరు కలం తీశాడు. తన పనితనం మీద మురిపెంతో, ఈమె బుగ్గ మీద మచ్చ ఉన్న ఆనవాలు కూడా ఎక్కడా లేదని ధ్రువీకరించి, సంతకం పెట్టి, స్టాంపు కొట్టాడు. ట్రీట్‌మెంట్ మాట రాయడం మర్చిపోయాడు.

సత్యనారాయణమూర్తి అది రెండుసార్లు చదివాడు. అసలు మచ్చే లేదని డాక్టరే రాసిచ్చాక, ఈమె వేరే మనిషేనని ఇక తనకి అనుమానమేమీ మిగల్లేదన్నాడు.

గడియారం పన్నెండూ నలభై చూపిస్తోంది. దేవదానం చిన్నప్పుడు పిల్ల బుగ్గ కాల్చాడు, ఇప్పుడు బతుకు కాలుస్తున్నాడు. ఇక దాచుకోవడానికి ఏముంది?

"మచ్చ ఉండేదండీ. ఆ బుగ్గ కాల్చింది నేనే. దేవుడి సాక్షిగా నేనే."

బందోబస్తుకి వచ్చిన మహిళా కానిస్టేబులు కుర్చీలోంచి లేచి ఆయన పక్కకొచ్చి నిలబడింది.

"పిల్లి తన్నిందన్నారుగా నాన్నా?" అంది స్నేహలత.

"పిల్లి ఏ పాపం ఎరగదమ్మా."

మూకుడు తన చేతిలోంచే జారిందని చెప్పి ఆయన కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. స్నేహలత కోప్పడలేదు. ఆయన చెయ్యి పట్టుకుని, అది ప్రమాదమేనని కానిస్టేబులుకి తనే సర్దిచెప్పింది. కానీ కుటుంబ వ్యవహారాలు తన పరిధిలోకి రావని, రెండో చిహ్నం చూపించమని సత్యనారాయణమూర్తి గుర్తుచేశాడు. కుడి బొటనవేలి మీద పుట్టుమచ్చ అని ఉంది. స్నేహలత బొటనవేలు చాపింది. దాని మీద ఏమీ లేదు.

"ఇదీ లేజరేనా?"

"కాదండీ. అది మొదట్నుంచీ లేదు." స్నేహలత కాస్త తటపటాయించింది. "టెన్త్‌లో మమ్మల్ని వరసలో నిలబెట్టి మచ్చలు రాసుకున్నారు. ముందున్న పదిమందికీ రెండేసి చూశారండీ. అంతలో భోజనం బెల్లు కొట్టారు. మిగతా ముప్ఫైమందికీ రెండోది బొటనవేలేనని రాసేశారు."

సత్యనారాయణమూర్తి భగ్గుమన్నాడు. ప్రభుత్వ కాగితాల్లో ఇంత నిర్లక్ష్యమా, ఆ మాస్టారెవరో పేరు చెప్పమన్నాడు. రాసిస్తే పైకి పంపిస్తానన్నాడు.

స్నేహలత గొంతు బాగా తగ్గించింది.

"మీరేనండీ. అప్పుడు మీకు మీసం ఉండేది. ఇందాకట్నుంచీ చూస్తున్నాను, ఇప్పుడు గొంతు పెంచాక పోల్చుకున్నాను."

ఆయన సర్టిఫికెట్టు మళ్లీ తీసి స్కూలు పేరు చదివాడు. కళ్లజోడు తుడుచుకున్నాడు. స్నేహలత బొటనవేలిని కిటికీ వెలుగులోకి తిప్పి చాలాసేపు చూశాడు.

"ఉందమ్మా. చిన్నది. జాగ్రత్తగా చూస్తే గాని కనపడదు," అని సంతకం పెట్టాడు.

ఆ సాయంత్రం దాకా ఆ కౌంటరులో పుట్టుమచ్చ లేని అభ్యర్థి ఒక్కరూ తేలలేదు.