ఇరవై నిమిషాల కొరత

"అనుభవం లేని చేతికి ఆకాశాన్ని అప్పగించరాదు!"

ఇది ఆ చిన్న విమాన సంస్థ నియామకాధికారి గారి మాట. ఆషామాషీ మాట కాదు. అద్దం కట్టించి తన కుర్చీ వెనక గోడకు తగిలించుకున్న మాట. పైలట్ ఉద్యోగానికి కావలసిన కనీస అనుభవం కూడా దాని కిందే రాయించాడు: పదిహేను వందల గంటలు.

ఆ గోడకు ఎదురుగా బ్యానరమ్మ కూర్చుంది. ఆమెకు వేరే పేరున్నా అది ఊళ్ళో ఎవరికీ గుర్తులేదు. సబ్బులు, పరుపులు, కళ్ళజోళ్ళ ప్రకటనలున్న పొడవాటి గుడ్డను బుల్లి విమానం తోకకు కట్టి ఊరిమీద తిప్పడం ఆమె పని. ఆ గుడ్డమీద అక్షరాలు కుట్టేది వాళ్ళమ్మ. ఆరేళ్ళుగా తల్లి కుడితే కూతురు ఎగరేసింది. ఈ ఉద్యోగం వస్తే, అమ్మ చూపు పూర్తిగా పోకముందే ఆ సూది పక్కన పెట్టించాలని ఆమె ఆశ.

అధికారి ఆమె ఎగిరిన గంటల లాగ్‌బుక్కు తిరగేసి, కూడి, మళ్ళీ కూడి, నిట్టూర్చాడు.

"పద్నాలుగు వందల తొంభై తొమ్మిది గంటల నలభై నిమిషాలు. ఇరవై నిమిషాలు తక్కువమ్మా!"

"అరగంట ఆగండి సార్, ఒక్క చుట్టు చుట్టి వచ్చేస్తాను. విమానం బయటే ఉంది."

"ఇంటర్వ్యూ మొదలయ్యాక వచ్చిన అనుభవం లెక్కలోకి రాదు. ప్రయాణికుల ప్రాణాలమ్మా! ఆ ఇరవై నిమిషాల్లో నేర్చుకోవాల్సిందేదో నువ్వు నేర్చుకోలేదుగా?"

అదేమిటో తెలిస్తే కదా ఔననడమో కాదనడమో! మింగలేక కక్కలేక ఆమె లేచి వచ్చి వరండాలో బెంచీ మీద కూలబడింది. తలుపు సగం తెరిచే ఉంది.

తర్వాత లోపలికి వెళ్ళింది అధికారి మేనల్లుడు. అతని లాగ్‌బుక్కులో సరిగ్గా పదిహేను వందల ఒక్క గంట! మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా ఒకే సిరా, ముత్యాల్లాంటి అక్షరాలు, ఒక్క కొట్టివేత లేదు. అధికారి పక్కన కూర్చున్న ఇంటర్వ్యూ కమిటీలోని కళ్ళజోడాయన ఒకచోట వేలు పెట్టాడు.

"ఈ మంగళవారం ఇరవై ఆరు గంటలు ఎగిరినట్టుందండీ?"

"చూశారా శ్రద్ధ! అందరూ రోజంతా పనిచేస్తారు. మావాడు రోజును మించి చేశాడు!"

కళ్ళజోడాయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. మళ్ళీ పెట్టుకున్నాక ఆ మంగళవారం ఆయనకు కనిపించలేదు. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫరవాలేదంటారు. ఇక్కడ మేనల్లుడు కూర్చోకముందే వడ్డన అయిపోయింది.

"ఇరవై నిమిషాలకా?" అంది ఇంట్లో తల్లి, సూదిని కంటి దగ్గర పెట్టుకుని. "నాకు ఈ దారం ఎక్కించడానికే అంతకంటే ఎక్కువ పడుతుందే!"

బ్యానరమ్మకు ఏడుపొచ్చింది. దారం తనే ఎక్కించి ఇచ్చింది.

ఆపైన వారం రోజులూ గాలివాన. బ్యానరు ఎగరలేదు. ఎనిమిదో రోజు తెరిపిచ్చింది. ఆ రోజే మేనల్లుడి మొదటి ప్రయాణం. పక్క పట్నంలో విమాన భద్రత మీద సభ. అధికారి గారే ముఖ్య వక్త. మేనల్లుడి విమానంలోనే ఆయనకు మొదటి వరుసలో సీటు.

బ్యానరమ్మ షెడ్డు ముందు తన విమానం అద్దం తుడుస్తోంది. అధికారి సంచీ గుండెకు హత్తుకుని పరుగెత్తుకొచ్చాడు.

"అమ్మాయ్, నీ దాంట్లో ఇంకో సీటు ఉందా?"

"మీ విమానం అదిగో, సిద్ధంగా ఉంది కదండీ!"

"ఉంది. అందులో మావాడూ ఉన్నాడు."

"పక్కన పెద్ద కెప్టెన్ ఉంటారుగా సార్?"

"ఆయనకు దగ్గొస్తే?" అధికారి అటూ ఇటూ చూశాడు. "వాడి సంగతి నాకు తెలీదా తల్లీ! ఆ లాగ్‌బుక్కు రాసింది నేనే కదా!"

"నాకు ఇంకా ఇరవై నిమిషాలు తక్కువండీ," అని ఆమె గుర్తుచేసింది.

"ఇరవై నిమిషాలదేముందమ్మా! పోనీ, పోనీ!"

గాల్లోకి లేచారు. ఇరవయ్యో నిమిషం దాటగానే ఆమె గడియారం చూసుకుని అరిచింది.

"సార్! పదిహేను వందలు నిండాయి!"

"శుభం," అన్నాడాయన కళ్ళు తెరవకుండానే.

పక్క పట్నంలో విమానాన్ని పువ్వును దించినట్టు దించింది. లాగ్‌బుక్కు చాపితే ఆయన సంతోషంగా సంతకం కూడా చేశాడు.

"అయితే రేపు మళ్ళీ దరఖాస్తు పెట్టుకోమంటారా సార్?"

ఆయన టై సర్దుకున్నాడు. గోడమీది మాట వచ్చి మొహంలో కూర్చుంది.

"నిన్ననే రెండు వేలకు పెంచామమ్మా. భద్రత దగ్గర మాత్రం రాజీ లేదు!"

నాలుగడుగులు వేసి, వెనక్కి తిరిగి, గొంతు తగ్గించాడు.

"సాయంత్రం తిరుగు ప్రయాణానికి మాత్రం కాస్త ముందుగా రామ్మా. లేకపోతే మావాడు తనతో రమ్మని పట్టుబడతాడు!"