మెల్ల లైనూ, మూసుకోని తలుపూ

ఒక పెద్ద అడవిలో, అంటే ఈ చివర వాన కురుస్తుంటే ఆ చివర జంతువులు దాహంతో అల్లాడేంత పెద్ద అడవిలో, అంకమ్మ అనే ముళ్ళపంది ఇద్దరు పిల్లలతో ఒక బొరియలో కాపురముండేది.

ఆ బొరియకు మొదట్లో రాతి తలుపుండేది. ముక్కుతో నెడితే తెరుచుకునేది, వీపుతో నెడితే మూసుకునేది. రాతి తలుపుల్లో ఒక సుగుణముంది, వాటికి ఎవరూ ఏమీ నేర్పనక్కర్లేదు. కానీ ఆ గొడవ ఇప్పుడెందుకు? ఆ తలుపు పోయింది. పోవడమంటే, అడవి సంఘంవాళ్ళు ఊడదీసి పట్టుకుపోయారు.

సంఘానికి అధ్యక్షుడు సింహం, కార్యదర్శి నక్క. అభివృద్ధి జరగాలంటే ఇంటింటికీ స్మార్ట్ తలుపు ఉండాలని నక్క తీర్మానం చదివింది. సింహం ఆవలించింది. ఆవలింతను ఆమోదంగా రాసుకోవడం ఆ సంఘంలో ఆనవాయితీ.

కొత్త తలుపు వైఫైతో నడుస్తుంది. ఇంటివాళ్ళు ‘మూసుకో’ అంటే మూసుకుంటుంది, ‘తెరుచుకో’ అంటే తెరుచుకుంటుంది. చెయ్యి వెయ్యక్కర్లేదు. వేసినా కదలదు.

అడవిలో వైఫై లైన్లు రెండు. ఒకటి మెల్ల లైను. నెమ్మదిగానే వెళ్తుంది గాని, మట్టిగోడలూ చెట్ల వేళ్ళూ దాటుకుని బొరియ అడుగుదాకా వెళ్తుంది. రెండోది వేగం లైను. జింకలా దూకుతుంది, నాలుగు చెట్లు అడ్డమొస్తే ఆగిపోతుంది. స్మార్ట్ తలుపులకు తెలిసింది మెల్ల లైనొక్కటే. కొన్నాళ్ళు అన్నీ బాగానే నడిచాయి.

అంతలో పక్క అడవి నుంచి చుట్టపుచూపుగా వచ్చిన ఒక తోడేలు, “మీ దగ్గర ఇంకా మెల్ల లైనుందా!” అని పకపకా నవ్వింది. అంతే. పరువు పోయిందని సంఘం ఆ రోజే మెల్ల లైను ఆపించేసింది. అడవిలో ఏ తలుపు ఎలా ఉందో అలాగే బిగుసుకుపోయింది. లోపల చిక్కుకున్నవాళ్ళు పక్కన కొత్త కన్నం తవ్వుకుని బయటపడ్డారు. అంకమ్మ ఇంటి తలుపు తెరుచుకునే ఉండిపోయింది.

ఎదురుబండ మీద భద్రయ్య అనే కొండచిలువ ఎండ కాచుకుంటుండేవాడు. మంచి మర్యాదస్తుడు. పూటపూటా పలకరించేవాడు.

“అంకమ్మక్కా, తలుపు కనెక్ట్ అయిందా?”

“ఇంకా లేదు తమ్ముడూ.”

“అయ్యయ్యో! పిల్లలకింకా ముళ్ళు గట్టిపడలేదు కదూ? నువ్వు మేతకెళ్ళేటప్పుడు ఒక్క కేక వెయ్యి, నేను చూస్తుంటాను.”

“నువ్వు చూస్తుంటావనే వెళ్ళడం లేదు,” అంది అంకమ్మ.

అలా అని, బొరియ ద్వారంలో వీపు బయటికి పెట్టి, ముళ్ళు నిక్కించి కూర్చుంది. తలుపు చెయ్యాల్సిన పని ఇప్పుడు అంకమ్మ చేస్తోంది. తలుపుకు ఆకలి వెయ్యదు. అంకమ్మకు వేస్తోంది.

అంకమ్మ సహాయ కేంద్రంలోని రామచిలుకను కేకేసింది. అది వచ్చి కొమ్మ మీద వాలింది.

“నమస్కారం మేడమ్! మీ ఇబ్బంది మాకు చాలా ముఖ్యం. తలుపు ఒకసారి ఆపి మళ్ళీ ఆన్ చేశారా?”

“చేశానమ్మా.”

“పాత వైఫైని మర్చిపొమ్మని తలుపుకు చెప్పారా?”

“చెప్పాను. ఆ ఒక్కటీ చక్కగా చేసింది.”

“అయితే ఫిర్యాదు పెట్టండి మేడమ్. వైఫై రావడం లేదన్న ఫిర్యాదులు వైఫైలోనే తీసుకుంటాం.”

“అది వస్తే ఇక ఫిర్యాదెందుకమ్మా?”

“అందుకే మేడమ్, మాకింతవరకూ ఒక్క ఫిర్యాదూ రాలేదు!” అని రామచిలుక సంబరంగా ఎగిరిపోయింది.

తర్వాత లైన్‌మాన్ కోతి గవరయ్య అటుగా వచ్చాడు. తలుపును తట్టి చూశాడు, చెవి పెట్టి విన్నాడు.

“తలుపు మంచిదే అక్కా. వైఫై కూడా మంచిదే. రెండింటికీ పలకరింపుల్లేవు, అంతే. సింహంగారి గుహ ముందు స్తంభానికి మెల్ల లైను మీట ఉంది. అది పైకెత్తితే నీ తలుపు ఇప్పుడే మూసుకుంటుంది.”

“మరి ఎత్తవయ్యా బాబూ!”

“ఎత్తితే నా ఉద్యోగం ఊడుతుంది. ఈ సంగతి అందరికీ తెలుసక్కా. తెలిసినట్టు మాత్రం ఎవరూ కనబడకూడదు.”

ఇలా ఉండగా సింహం గుహకే స్మార్ట్ తలుపు ప్రారంభోత్సవమని దండోరా వేశారు. విందు కూడా ఉందన్నారు. అధ్యక్షులవారికే చెప్పుకుందామని అంకమ్మ పిల్లల్ని ముందు నడిపించుకుంటూ బయల్దేరింది. వీపున ఎక్కించుకుందామంటే ముళ్ళపందికి ఆ ముచ్చట రాసిపెట్టి లేదు. వెనకాలే, తనకూ పిలుపు వచ్చినట్టు, భద్రయ్య.

గుహ దగ్గర నక్కకు చెమటలు పడుతున్నాయి. ఎందుకంటే సింహం తలుపు కూడా ఆ జాతి తలుపే, దానికీ మెల్ల లైను తప్ప తెలియదు. నక్క గవరయ్య చెవిలో, “మీట ఎత్తు. మాట బయటికి పొక్కిందా, నీ తోక ఉండదు,” అంది. స్తంభం పక్కనే నిలబడ్డ అంకమ్మ వింది. మీట లేచింది.

సింహం నక్కను వెంటబెట్టుకుని లోపలికెళ్ళి, “మూసుకో,” అంది. తలుపు మెత్తగా మూసుకుంది. బయట జంతువులన్నీ జేజేలు కొట్టాయి.

గాలి కంతలోంచి సింహం గొంతు వినబడింది. “కార్యదర్శీ, ఇదంతా వేగం లైను మహిమేనా?”

“అక్షరాలా ప్రభూ!”

“ఆ దిక్కుమాలిన మెల్ల లైను ఇంకా ఎక్కడైనా మిగిలుందా?”

“ఉన్నా... లేనట్టే ప్రభూ.”

“అంటే ఉందన్నమాట! సిగ్గుచేటు! ఒరేయ్ గవరయ్యా, ఆ మీట ఇప్పుడే దించెయ్. సంఘం తీర్మానం లేనిదే మళ్ళీ ముట్టుకోకు!”

గవరయ్య ఆజ్ఞ ప్రకారం దించేశాడు.

“తెరుచుకో,” అంది సింహం. తలుపు పలకలేదు. “తెరుచుకో!” అని గర్జించింది. చెట్ల మీది ఆకులు రాలాయి గాని తలుపు కదల్లేదు. బొరియ అయితే పక్కన కన్నం తవ్వుకోవచ్చు, గుహంతా రాయి. రామచిలుక గాలి కంత దగ్గర వాలి, “సార్, ఒకసారి ఆపి మళ్ళీ ఆన్ చేశారా?” అని అడిగి, లోపలి జవాబు విని, చాలా దూరం ఎగిరిపోయింది.

లోపల సింహం గాలిలో వాసన చూసింది. “కార్యదర్శీ, విందు ఎక్కడుంది?”

“బయట, ప్రభూ.”

“మరి లోపల ఏముంది?”

నక్క గుహ నాలుగు మూలలా చూసింది. తను తప్ప ఏమీ లేదు.

“గవరయ్యా! నాయనా! మీట ఎత్తరా!” అని నక్క కేక పెట్టింది.

“తీర్మానం కావాలి కదయ్యా,” అన్నాడు గవరయ్య నిజంగానే భయపడుతూ.

ఈలోగా అంకమ్మ పిల్లల్ని స్తంభం వెనక పెట్టి, మీటకు అడ్డంగా వీపు పెట్టి, ముళ్ళన్నీ నిక్కించి కూర్చుంది.

“కార్యదర్శిగారూ, తీర్మానంలో ఇక ఎన్నటికీ మీట దించకూడదని కూడా రాయండి. లేకపోతే నన్ను దాటి ఎవరూ ఎత్తలేరు. నాకేం తొందర లేదు. ఇంటికెళ్తే అక్కడా ఇలాగే కూర్చోవాలి.”

“ఆ మెల్ల లైను మళ్ళీ వేస్తే సంఘం పరువేం కావాలమ్మా?” అంది నక్క. వెనక నుంచి సింహం పెదాలు నాకుతున్న చప్పుడైంది.

నక్క బుర్ర ఎప్పుడూ చురుకే, ఆ పూట మరీ పరిగెత్తింది. “తీర్మానం! మెల్ల లైనును ఇందుమూలంగా శాశ్వతంగా రద్దు చేయడమైనది. దాని బదులు, అదే స్తంభానికి, అదే మీటతో, మహావేగం లైను ఏర్పాటు చేయడమైనది. దీన్ని ఎన్నటికీ ఆపరాదు!”

సింహం నోరు బార్లా తెరిచింది. ఆకలికో, ఆమోదానికో నక్క ఆరా తియ్యలేదు. “ఆమోదం!” అని అరిచింది.

అంకమ్మ పక్కకు తప్పుకుంది. మీట లేచింది, తలుపు తెరుచుకుంది. మర్యాద ప్రకారం అధ్యక్షుడు ముందు రావాలి. నక్కే ముందొచ్చింది, అదీ పరిగెత్తుకుంటూ.

మహావేగం లైను వచ్చిందని జంతువులు పండగ చేసుకుంటుంటే, అంకమ్మ విందులోంచి రెండు దుంపలు నోట కరుచుకుని పిల్లలతో ఇంటికి నడిచింది. పిల్లలు ముందు దూరారు, తను తర్వాత దూరింది. “అక్కా, ఒక్క మాట...” అంటూ భద్రయ్య తల లోపలికి పెట్టబోయాడు. “మూసుకో,” అంది అంకమ్మ. తలుపు మూసుకుంది. దుంపలు తిని, తనకు ఇష్టమొచ్చిన వైపు తిరిగి పడుకుంది.

నీతి: ఫిర్యాదు వినవలసినవాళ్ళ తలుపు తెరుచుకోకుండా పోతే తప్ప, ఫిర్యాదు చేసేవాళ్ళ తలుపు మూసుకోదు.