ఇస్త్రీ కంపెనీలో సాదా కాఫీ

మా యజమాని షిహాబ్ ఖందీల్ మరణించిన సంగతి ఆదివారం ఉదయం పది గంటలకు ఒక కాఫీ కప్పులో బయటపడింది. ఆ సమయానికి ఆయన పక్క గదిలో చాప మీద వెల్లకిలా పడుకుని, నిర్ణీత ప్రణాళిక ప్రకారం ఊపిరి పీలుస్తున్నారు.

కనిపెట్టిన ఘనత హాజ్జా ఇన్షిరాహ్‌ది. హజ్ యాత్ర చేసొచ్చిందని అందరూ ఆవిడను అలా పిలుస్తారు. షుబ్రా పేటలో నలుగురు కొడుకుల చొక్కాలు మాచేతే ఇస్త్రీ చేయించే పెద్దావిడ. ఫిర్యాదు ఇవ్వడానికి వచ్చి నా బల్ల ముందు కూర్చుంది. మా కాఫీ బాబాయ్ మిత్వల్లీ కప్పు తెచ్చి పెట్టాడు. ఆవిడ ఒక్క గుక్క తాగింది. చక్కెర లేదు. కప్పు దించి గుండె మీద చెయ్యి వేసుకుంది.

"అయ్యో! ఎవరు పోయారు నాయనా?"

నేను నోరు తెరిచేలోపే జవాబు కూడా ఆవిడే చెప్పేసుకుంది. "మీ యజమాని ఇంజనీరుగారే కదూ? పోయిన నెలే అనుకున్నా ఆ మొహం చూసి. నా చొక్కాల కోసమే పరిగెత్తి పరిగెత్తి పోయాడు, బంగారం!"

ఆవిడ ఏడుపు మూడో అంతస్తు దాకా వినిపించింది. ఆవిడ తప్పేమీ లేదు. కైరోలో అతిథికి ఎంత చక్కెర కావాలో అడగకుండా సాదా కాఫీ చేతిలో పెట్టారంటే ఆ గడపలో ఎవరో పోయారనే అర్థం. ఈ సంగతి మీకు నేను చెప్పాలా?

ఇక మా కార్యాలయంలో చక్కెర ఎలా అంతరించిందో సవినయంగా మనవి చేస్తాను.

మా సంస్థ పేరు ఫుర్రేరా, అంటే బొంగరం. నలిగిన చొక్కా మా చేతిలో పెడితే నలభై నిమిషాల్లో ఇస్త్రీ అయి మీ తలుపు తడుతుంది. ఈ ఊళ్లో పెళ్లికొడుకు తన పెళ్లికి రెండు గంటలు ఆలస్యంగా వస్తాడు. ఎవరూ ఏమీ అనరు. అతని చొక్కా మాత్రం నలభై ఒకటో నిమిషంలో వచ్చిందా, మా వంశం మొత్తాన్ని పేరుపేరునా తలుచుకుంటారు. ఆ తిట్లు రాసుకోవడమే నా ఉద్యోగం. పెద్ద తిట్లయితే ఇంజనీరుగారు స్వయంగా స్వీకరించేవారు. భోజనం బల్ల దగ్గరా, స్నానాల గదిలోనూ, కూతురు పుట్టినప్పుడు ఆసుపత్రి వరండాలోనూ స్వీకరించారు.

రంజాన్ నెల అయ్యాక ఆయనకు ఛాతీలో నొప్పి వచ్చింది. డాక్టరు చీటీ రాస్తూ చెప్పాడు: "చక్కెర మానండి, నిద్రపోండి, మెల్లగా నడవండి. వినకపోతే ఈసారి నా దగ్గరికి మీరు నడిచి రారు, మోసుకొస్తారు."

ఇంజనీరుగారు బెదిరిపోయారు. వెంటనే, సమర్థుడైన ఏ వ్యాపారవేత్త అయినా చేసే పనే చేశారు. నిదానాన్ని యుద్ధ ప్రాతిపదికన అమలు చేయాలని ఆదేశించారు.

"మిత్రులారా!" అని సిబ్బందిని ఉద్దేశించి ప్రసంగించారు. "ఈజిప్టు మొత్తంలో అందరికంటే వేగంగా నెమ్మదించిన సంస్థ మనదే కావాలి! గడువు ముప్పై రోజులు!"

నిదాన విభాగం ఏర్పడింది. దాని అధిపతికి పని ఒత్తిడి తట్టుకోలేక రెండో వారంలోనే రక్తపోటు వచ్చింది. ఉదయం ఆరున్నరకు విశ్రాంతి సమావేశం పెట్టారు. ఆలస్యంగా వచ్చినవారు రెట్టింపు ఊపిరి పీల్చాలి. ఉత్తమ కునుకు పతకం నైలు వంతెన మధ్యలో మోటారు సైకిల్ ఆపి నిద్రపోయిన మా డ్రైవరుకు దక్కింది. అతని వెనక ఆగిపోయిన మూడు వందల కార్లవాళ్లు హారన్లతో హర్షం ప్రకటించారు. ఆపైన చక్కెర నిషేధిస్తూ ఉత్తర్వు వెలువడింది.

మిత్వల్లీ బాబాయ్ ఒక్కడే ఎదురు తిరిగాడు. "పాషా, బతికున్నోళ్ల చేతిలో సాదా కాఫీ ఎట్టా పెట్టమంటావు? నాకు చేతులు రావట్లేదు."

"ఆరోగ్యం బాబాయ్, ఆరోగ్యం!"

"ఆరోగ్యంగానే పోయాడంటారులే జనం."

నలభై నిమిషాల హామీని మాత్రం ఎవరూ ముట్టుకోలేదు. అందువల్ల ఇంజనీరుగారు ఒక చేత్తో నాడి పట్టుకుని, మరో చేత్తో ఫోను పట్టుకుని నెమ్మదిస్తూ వచ్చారు. ముప్పై రోజుల్లో ఆరు కిలోలు తగ్గారు. హాజ్జా చూసిన మొహం అదే.

ఆ ఆదివారం మధ్యాహ్నం నమాజుకల్లా వార్త షుబ్రా దాటింది. అంతలో మా సంస్థ ఆన్‌లైన్ పేజీలో నల్ల అంచుతో ఒక ప్రకటన వెలిసింది. స్థాపకుడు షిహాబ్ ఖందీల్ దైవసన్నిధి చేరారనీ, పరామర్శకు ఇంటికి వెళ్లవద్దనీ, కార్యాలయానికే రావాలనీ అందులో ఉంది. ఇక నా ఫోను తీరు మారింది.

"ఆయన మిగిల్చిన ఆయుష్షు మీకు చేరాలి నాయనా," అని పరామర్శించింది, వారానికి మూడుసార్లు నన్ను గాడిద కొడుకా అనే ఒక గొంతు.

"మీ చొక్కాలు కాస్త ఆలస్యం..."

"ఇప్పుడు చొక్కాలేంటయ్యా! ఎప్పుడో ఒకప్పుడు పంపండి. మనుషులం కామా?"

మంగళవారం మా ప్రధాన పెట్టుబడిదారు డాక్టర్ ఫిక్రీ విచ్చేశారు. సాదా కాఫీ పద్ధతిగా తాగి, లేచి నిలబడ్డారు.

"ఆయన నిద్రపోలేదు! వేళకు తినలేదు! కన్నబిడ్డ మొహం చూడలేదు! దేశ యువతకు ఇంతకన్నా ఆదర్శం ఏం కావాలి? ఆ త్యాగమూర్తి స్మృతిలో మన హామీని ముప్పై అయిదు నిమిషాలకు తగ్గిస్తున్నాను!"

మేము చప్పట్లు కొట్టి, పరామర్శ అని గుర్తొచ్చి ఆపేశాం. ఆ నిశ్శబ్దంలో పక్క గదిలోంచి గురక వినిపించింది.

"ఏమిటా శబ్దం?" అన్నారు ఫిక్రీ.

"ఇస్త్రీ పెట్టె ఆవిరి పాషా," అన్నాడు మిత్వల్లీ.

ఆయన తల ఊపి, ఆవిరిని కూడా అభినందించి వెళ్లారు.

బతికున్న యజమానిని చంపిన ఆ ప్రకటన ఎవరు పెట్టారో తేల్చడానికి బుధవారం త్రిసభ్య సంఘం కూర్చుంది. నేను కార్యదర్శిని. మొదటి అనుమానితుడు మిత్వల్లీ.

"నాకు అక్షరమ్ముక్క రాదు," అన్నాడు బాబాయ్. "కాఫీ ఇచ్చింది నేనే. చంపింది నేను కాదు."

అప్పుడు పక్క గది తలుపు తెరుచుకుంది. ఇంజనీరుగారు వచ్చారు. బుగ్గలకు రంగొచ్చింది. ఒక కుర్చీ లాక్కుని తీరిగ్గా కూర్చున్నారు.

"ఆయన్ని వదిలేయండి. ప్రకటన పెట్టింది నేనే. హాజ్జా ఏడుపు గోడవతల నుంచి విన్నాను. బతికే ఉన్నానమ్మా అని చెబుదామని లేచాను, ఒట్టు. నిదానంగా చెప్పులు వెతుక్కునేసరికి గంట పట్టింది, అప్పుడు ఫోను చూశాను. ఆ గంటలో ఒక్కడూ ఫోను చేయలేదు. ఏడేళ్లలో మొదటిసారి. మళ్లీ పడుకున్నాను, పడుకునే ఆ నాలుగు ముక్కలు రాసి పెట్టేశాను. ఇంట్లోవాళ్లకి నిజం చెప్పాను. ఎవరికీ చెప్పరట, వాళ్లకీ ఇలాగే బాగుందట. నవ్వితే మా పాపకి ఎడం బుగ్గ మీద సొట్ట పడుతుందని నాకు నిన్ననే తెలిసింది. చొక్కాలు రెండ్రోజులకి వెళ్తున్నాయి, తిట్టినవాడు లేడు. గుండె బాగోలేదు, ఒక్క గంట ఓపిక పట్టండి అని నేను బతికుండగా అడిగితే ఈ ఊళ్లో ఎవరైనా పట్టేవాళ్లా? నేరం నాదే, రాసుకోండి. కాకపోతే ఒక్క మనవి. నలభై రోజుల సంతాపంలో ఇంకా ముప్పై ఏడు మిగిలున్నాయి. అవి అయ్యేదాకా దయచేసి నన్ను బతికించకండి."