చూద్దాం అన్నవన్నీ

ఆ రోజు ఉదయం పరుపుల కార్ఖానా యజమాని వేసుకున్న పథకం చాలా చిన్నది. క్షవరం చేయించుకోవాలి. మధ్యాహ్నం బస్టాండు పక్క హోటలు యజమానురాలు వస్తానంది. ఆవిడ తన హోటల్లో గదులన్నిటికీ పరుపులు మార్చబోతోంది. ఆ ఆర్డరు దొరికితే కార్ఖానాకు ఇంకో షెడ్డు వేసుకోవచ్చు. అంత పెద్ద బేరం చేసే మనిషి ముందు చెవుల మీదికి జుట్టు వేలాడేసుకుని నిలబడితే బాగుండదు. సెలూను ఎక్కడో లేదు, కార్ఖానా గోడకు అవతలి పక్కే ఉంది. కాసేపటి పని. ఆ కాసేపూ కార్ఖానాను కొత్త మేనేజరుకు వదిలేస్తే చాలు.

వదిలేయడం ఒక్కటే ఆయనకు చేతకాని పని.

వ్యాపారం పెరుగుతోందనీ, తన తర్వాత తనంతటి మనిషి ఒకరు ఉండాలనీ ఆయనకూ తెలుసు. అందుకే అంతకుముందు ఇద్దరిని పెట్టుకున్నాడు. మొదటివాడు ఏ పని చేసినా యజమాని వెనకాలే వెళ్ళి ఆ పని మళ్ళీ చేసేవాడు. వాడు కొన్నాళ్ళు ఓర్చుకుని, ఒక్క పని రెండుసార్లు చేయడానికి ఇద్దరెందుకని అడిగి వెళ్ళిపోయాడు. రెండోవాడికి అప్పగించిన ఏకైక బాధ్యత షెడ్డు తాళంచెవి. దాన్ని కూడా యజమాని రోజూ తన జేబులోంచి తీసి చూపించి, మళ్ళీ జేబులోనే వేసుకునేవాడు.

కాఫీ గ్లాసు అందిస్తూ భార్య ఆ సంగతే ఎత్తింది. "ఈ కొత్త మేనేజరావిడ కూడా వెళ్ళిపోయిందంటే ఇంక బయట ఎవర్నీ వెతకొద్దు. మా తమ్ముడు ఖాళీగానే ఉన్నాడు."

బావమరిది ఖాళీగా ఉన్నాడన్నది కొత్త కబురేమీ కాదు. పొద్దున్నే అక్కగారింటికి వస్తాడు, పడకగదిలో పరుపెక్కుతాడు, భోజనానికి దిగుతాడు, మళ్ళీ ఎక్కుతాడు. పిడుగు పడ్డా లేవడు. ఒకసారి ఎదురింటి మీద నిజంగానే పడింది, లేవలేదు. ఊరందరికీ పరుపులు కుట్టించే మనిషి ఇంట్లో పరుపు మధ్య నిలువెత్తు గుంట పడిందంటే అది ఈ బావమరిది చలవే. కొత్త పరుపు తెమ్మని భార్య ఏళ్ళ తరబడి అడుగుతోంది. తమ్ముడికి ఉద్యోగం ఇమ్మని కూడా అన్నేళ్ళుగానే అడుగుతోంది.

"చూద్దాం," అన్నాడు యజమాని, దేని గురించన్నది తేల్చకుండా.

ఆయన జన్మలో ఎవరికీ 'లేదు', 'కుదరదు' అని చెప్పి ఎరగడు. ఎవరేం అడిగినా చిరునవ్వుతో 'చూద్దాం' అంటాడు. అడిగినవాళ్ళు తల ఊపి వెళ్ళిపోతారు, మళ్ళీ ఆశ పెట్టుకోరు. ఆ మాటకు అర్థం ఇంట్లో భార్యకు తెలుసు, కార్ఖానాలో కుట్టు మేస్త్రికి తెలుసు, లారీ డ్రైవరుకు తెలుసు. తెలియనిది కొత్త మేనేజరుకు ఒక్కరికే.

ఆవిడ సరుకు ఓడల్లో పనిచేసి వచ్చింది. కెప్టెను తర్వాత స్థానం ఆవిడదే. కాళ్ళ కింద కదలని నేల మీద ఉద్యోగం కావాలనిపించి ఇటు వచ్చింది. ఓడలో 'చూద్దాం' అంటే దుర్భిణీ తీసి చూడడమే, ఇంకో అర్థం లేదు. కార్ఖానాలో అందరూ ఆవిణ్ణి కెప్టెనమ్మ అనడం మొదలుపెట్టారు. చేరేముందు ఆవిడ ఒక్కటే షరతు పెట్టింది. "మీరేం చెప్తే అది చేస్తాను సార్. కానీ చెప్పింది చేశాక, అందరి ముందూ ఎందుకు చేశావంటే మాత్రం వచ్చే రేవులో దిగిపోతాను."

ఇక్కడ రేవులు ఎక్కడున్నాయమ్మా అని ఆయన నవ్వాడు. ఆవిడ నవ్వలేదు.

"బస్టాండుంది కదా సార్."

క్షవరానికి బయల్దేరుతూ ఆయన గేటు దగ్గర ఆగాడు. ఈసారైనా నిజంగా ఏదో ఒకటి వదలాలనిపించింది. బాగా ఆలోచించి, తనకు అన్నిటికంటే విసుగు పుట్టించే పనిని వదిలాడు. "నేను చూద్దాం అన్నవి చాలా ఉన్నాయమ్మా. వాటి కోసం జనం నా ప్రాణం తోడేస్తుంటారు. ఇకనుంచి అవన్నీ మీరే చూసుకోండి." తనలాగే అందరినీ తియ్యగా తిప్పి పంపేయమని ఆయన ఉద్దేశం.

"మీరు చూద్దాం అన్నవన్నీ నేను చూసుకోవాలి," అని ఓడ అలవాటు ప్రకారం ఆవిడ ఆ మాటను తిరిగి అప్పజెప్పింది. "ఎప్పటిలోగా సార్?"

"ఎంత తొందరగా వదిలితే అంత మంచిదమ్మా," అని ఆయన హుషారుగా వెళ్ళిపోయాడు.

ఆయన గేటు దాటగానే కెప్టెనమ్మ కార్ఖానాలో అందరినీ వాకిట్లోకి పిలిచి, యజమానిగారు చూద్దాం అన్నవి ఎవరెవరికి ఉన్నాయో చెప్పమంది. ఎవరూ కదల్లేదు. ఇందులో ఏదో మెలిక ఉందనుకున్నారు. చివరికి కుట్టు మేస్త్రి గొంతు సవరించుకుని, తన మిషను దగ్గర గోడకు ఒక కిటికీ కావాలని, గాలాడక చచ్చిపోతున్నానని చెప్పాడు. ఆవిడ వెంటనే మనిషిని పంపి తాపీపనివాణ్ణి రప్పించింది. అది చూశాక వరస గేటు దాకా పెరిగింది. డ్రైవరు లారీకి గట్టి హారను అడిగాడు. దూది ఏకేవాళ్ళు రేడియో అడిగారు. ఇంకెవరైనా ఉన్నారా అని ఆవిడ అడిగితే, అమ్మగారు కూడా ఉన్నారండి, ఇంటికి కొత్త పరుపు అడిగారండి అని డ్రైవరే గుర్తుచేశాడు. ముందు హారను బిగించుకుని, లారీలో కొత్త పరుపు వేసుకుని బయల్దేరాడు.

అవతల సెలూన్లో యజమాని మెడ చుట్టూ తెల్లగుడ్డ కట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. తల ఎడమ పక్క పూర్తయింది. అప్పుడు అద్దం వెనక గోడలోంచి దడదడమని చప్పుడు మొదలైంది.

"మీ కార్ఖానాలో ఏదో గట్టి పరుపు కుడుతున్నట్టున్నారే," అన్నాడు సెలూనాయన కత్తెర ఆపకుండా.

యజమాని కళ్ళు తెరిచాడు. అద్దంలో తన మొహం నిలువునా రెండుగా చీలింది. మరుక్షణం ఆ అద్దం భళ్ళున కూలిపోయింది. అది ఉన్న చోట గోడకు పెద్ద కంత, ఆ కంతలో సున్నం కొట్టుకుపోయిన కుట్టు మేస్త్రి మొహం.

"కిటికీ వచ్చేసింది సార్," అన్నాడు మేస్త్రి, కళ్ళనీళ్ళ పర్యంతమై. "మీరు చూద్దాం అంటే చూడరనుకున్నాను. ఇన్నాళ్ళూ మిమ్మల్ని తిట్టుకున్నందుకు చెంపలేసుకుంటున్నా."

"నా అద్దం?" అన్నాడు సెలూనాయన.

"గాలి నీకూ వస్తుంది కదన్నా."

యజమాని మెడలో గుడ్డతోనే వీధిలో పడ్డాడు. ఎడమ పక్క నుంచి చూసినవాళ్ళు మర్యాదగా నమస్కారం పెట్టారు. కుడి పక్క నుంచి చూసినవాళ్ళు పక్కకు తప్పుకున్నారు. గేటు తీసేసరికి లోపల రేడియో రంకె వేస్తోంది, దూది దానికి తగ్గట్టు ఎగురుతోంది, తాపీపనివాడు కిటికీ అంచులు కొడుతున్నాడు. వీటన్నిటి మధ్యా కెప్టెనమ్మ చేతులు వెనక్కి కట్టుకుని, తుఫాను అలవాటైన మనిషిలా నిలబడి ఉంది.

"చాలావరకు అయిపోయాయి సార్," అంది.

తిట్టడానికి ఆయన నోరు తెరిచాడు. పనివాళ్ళందరూ చూస్తున్నారు. బస్టాండు కళ్ళ ముందు మెదిలింది. ఆ వెంటనే మేనేజరు కుర్చీలో కాళ్ళు బారజాపి పడుకున్న బావమరిది కనిపించాడు. తెరిచిన నోరు మూసుకుంటే అనుమానిస్తారని, "బాగుందమ్మా," అన్నాడు. గోడ పోతే పోయింది, బావమరిది మాత్రం రాడు కదా అని మనసుకు నచ్చజెప్పుకున్నాడు.

సరిగ్గా అప్పుడే చెవులు చిల్లులు పడేలా హారను కొట్టుకుంటూ లారీ లోపలికి వచ్చింది. ఇంటి దగ్గర కొత్త పరుపు దించి, పాతది ఎక్కించుకొచ్చారు. పాత పరుపును నలుగురు పట్టుకుని వాకిట్లో దించారు. ఇదేంటి ఇంత బరువుందని ఒకడు విసుక్కున్నాడు. పరుపు గుంటలో, దుప్పటి కప్పుకుని, బావమరిది నిద్రపోతున్నాడు.

యజమాని పరుపు వైపు వేలు చూపించాడు. "ఇతను..."

"అమ్మగారికి ఫోన్ చేస్తే ఇంకోటి కూడా చూద్దాం అన్నారని చెప్పారు సార్. తమ్ముడుగారి ఉద్యోగం," అంది కెప్టెనమ్మ. "చేర్చుకున్నాను."

"ఏం పనిలో?"

"ఏం పని వచ్చో అడుగుదామనుకున్నాను. ఇంకా లేవలేదు సార్."

ఈవిడ వెళ్ళిపోతే బావమరిది వస్తాడని ఆయన ఇంతసేపూ బిగబట్టుకున్నాడు. తీరా చూస్తే ఈవిడే తీసుకొచ్చింది. మింగలేడు, కక్కలేడు. పరుపుతో సహా ఎత్తి ఎక్కడైనా దాచేయండని సైగ చేస్తుండగా గేటు ముందు కారు ఆగింది. హోటలు యజమానురాలు దిగింది. చెప్పిన వేళ కంటే ముందే వచ్చేసింది.

ఆయన సెలూను గుడ్డను భుజం మీది కండువాలా సర్దుకుని, ఎడమ పక్క మాత్రమే కనిపించేలా పీతలా నడుస్తూ ఎదురెళ్ళాడు. ఆవిడ ఆయన్ని చూడనేలేదు. రేడియో వైపు చూసింది, గోడ కొడుతున్న మనిషి వైపు చూసింది, పరుపు మీద నిద్రపోతున్న మనిషి దగ్గర ఆగిపోయింది. ఎవరితనని అడిగింది.

"మా కొత్త ఉద్యోగి అండి," అంది కెప్టెనమ్మ.

"ఈ గోలలో ఎలా నిద్రపోతున్నాడు?"

బస్టాండు పక్కన హోటలు నడిపే మనిషికి అది మామూలు ప్రశ్న కాదు. బస్సుల హారన్లకు నిద్ర పట్టడం లేదని గదుల్లో దిగినవాళ్ళు పొద్దున్నే తగువులాడి వెళ్ళిపోతున్నారట. ఆవిడ డ్రైవరును పిలిచి కొత్త హారను దగ్గర్నుంచి కొట్టమంది. డ్రైవరు ఆ మాట కోసమే పుట్టినట్టు కొట్టాడు. తాపీపనివాడి చేతిలో సుత్తి జారింది. బావమరిది మాత్రం గుంటలో ఒక అంచు నుంచి ఇంకో అంచుకు ఒత్తిగిలి, మూతి చప్పరించాడు.

ఆవిడ అతన్ని పక్కకు దొర్లించమని చెప్పి, చెప్పులు విడిచి, తనే ఆ గుంటలో పడుకుంది. దొర్లించినవాడు దూది కుప్ప మీద నిద్ర కొనసాగించాడు. ఆవిడ ఎంతకీ లేవకపోయేసరికి యజమాని పరుపు మీదికి వంగాడు.

"అది పాతదండి," అన్నాడు నీళ్ళు నములుతూ. "లోపల కొత్తవి ఉన్నాయి, బల్లపరుపుగా..."

"బల్లపరుపువి అందరూ అమ్ముతారు," అంది ఆవిడ కళ్ళు మూసుకునే. "ఇది ఉయ్యాల్లో ఉన్నట్టుంది. ఈ గుంట ఎలా వేశారు?"

యజమాని ఏదో యంత్రం పేరు చెప్పబోయాడు. కెప్టెనమ్మకు అబద్ధం రాదు. "ఆయన పడుకుంటే పడిందండి. ఏళ్ళు పట్టింది."

"అయితే నా పరుపులన్నిటికీ ఆయనే పడుకోవాలి. ఇదే గుంట, ఇదే లోతు. తొందరేం లేదు, అయినవి అయినట్టు పంపండి."

బేరం అక్కడే కుదిరిపోయింది. అడ్వాన్సు కూడా ఇచ్చేసింది. ఆవిడ కారు కదిలాక బావమరిది దూదిలోంచి తల ఎత్తి, తెల్లటి కనుబొమలతో అటూ ఇటూ చూశాడు.

"భోజనం అయిందా బావా?"

"నీ వల్లే అవుతోందిరా," అన్నాడు యజమాని.

సాయంత్రానికి గొడవ సద్దుమణిగింది. కొత్త అద్దం కార్ఖానా ఖర్చే అని కెప్టెనమ్మ సెలూనాయనకు మాటిచ్చింది. ఆయనకు కోపం పూర్తిగా చల్లారకపోయినా, సగం తలతో తన సెలూనుకు చెడ్డపేరు వస్తుందని మిగతా సగం చేయడానికి ఒప్పుకున్నాడు, కాకపోతే వెలుతురు బాగుందని కిటికీ దగ్గరే చేస్తానన్నాడు. యజమాని ఒళ్ళంతా కార్ఖానాలో ఉంచి, తల మాత్రం సెలూన్లోకి పెట్టి కూర్చున్నాడు. వెనక షెడ్డులోంచి గురక వినిపిస్తోంది. పని జోరుగా సాగుతోందన్నమాట.

వెనక అడుగుల చప్పుడైంది. కెప్టెనమ్మే అయి ఉంటుందని, తల తిప్పకుండానే మాటలు కూడగట్టుకున్నాడు. పొద్దుట్నుంచి ఆయనకు మిగిలింది ఒక్కటే కోరిక. అడగడం అలవాటు లేక గొంతు పీలగా వచ్చింది.

"అమ్మా, ఈ హోటలు పరుపులు అయిపోగానే మా బావమరిదిని పంపించేద్దామా?"

కార్ఖానాలో చేరిన ఇన్నాళ్ళకు కెప్టెనమ్మ మొదటిసారి చిరునవ్వు నవ్వింది. తల అవతల ఉండబట్టి ఆయనకు అది కనిపించలేదు.

"చూద్దాం సార్," అంది.

ఆ మాటకు అర్థం చెప్పమని ఆయన అడగలేదు. కుడి చెవి పైన కొంచెం తగ్గించమని సెలూనాయనకు చెప్పాడు.